కాలువల మీద బ్లాగు పెడితే ఎవరు చదువుతారు? ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి కేస్ స్టడీ

కేసు ఇదీ. ఇరిగేషన్ శాఖలో డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)గా రిటైరైన పెద్దాయన, ఉండేది విజయవాడ పటమటలో, సర్వీసులో ఎక్కువ భాగం కృష్ణా డెల్టా కాలువల మీదే గడిచింది. కాలువల గురించి, లాకుల (నీటి ఎత్తు తేడా ఉన్నచోట పడవల్ని దాటించే గేట్లు) గురించి, పాత ఆనకట్ట గురించి రాయాలని ఆయన కోరిక. రాస్తున్నారు కూడా, ఫేస్‌బుక్‌లో. లైకులు బాగానే వస్తాయి కానీ నెల తిరిగేసరికి ఆ పోస్టు ఎక్కడుందో ఆయనకే దొరకదు. ఎవరో "సార్, లాకుల మీద రాశారు కదా, అది మళ్ళీ పంపరూ" అంటారు, ఈయన కిందికి కిందికి జరుపుకుంటూ వెతికి, దొరక్క, మొత్తం మళ్ళీ టైపు చేస్తారు. ఇది చూడలేక అమెరికాలో ఉన్న వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది, నాన్నకి సొంతంగా ఒక బ్లాగు పెట్టించండి, పదిమందీ చదివేలా చూడండి అని.

నేను చేసేది వెబ్‌సైట్లు కట్టడం, వాటికి జనం వచ్చేలా చూడడం. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా షాపులు, స్కూళ్ళు, పెళ్ళి ఫొటోగ్రాఫర్లు. సొంత బ్లాగు కోసం డబ్బిచ్చి అడిగేవాళ్ళు అరుదు, అందుకే ఈ పని ఎలా నడిచిందో వివరంగా రాస్తున్నా. పెద్దాయన ఒక్క షరతు పెట్టారు: తన పేరూ, బ్లాగు పేరూ, ఎంతమంది చదివారన్న లెక్కలూ బయట పెట్టకూడదు. కాబట్టి శాతాలూ గ్రాఫులూ లేని కేస్ స్టడీ ఇది, అవే కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నా చేతికి వచ్చేసరికి ఉన్న పరిస్థితి

చుట్టాలబ్బాయి ఒకడు అప్పటికే వర్డ్‌ప్రెస్‌లో ఉచిత బ్లాగు తెరిచి, రెండు మూడు వ్యాసాలు ఎక్కించి ఇచ్చాడు. వ్యాసాలు బాగున్నాయి. లింకు మాత్రం ఎవరూ నొక్కడం లేదు. ఎందుకని అడిగితే పెద్దాయన ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే చూడు బాబూ, నొక్కితే వైరస్ వస్తుందంటున్నారు మావాళ్ళు" అన్నారు.

చూస్తే విషయం అర్థమైపోయింది. టైటిల్ తెలుగులో పెట్టాడు కాబట్టి లింకు అడ్రసు కూడా తెలుగులోనే తయారైంది. బ్రౌజర్‌లో చూస్తే ముచ్చటగానే ఉంటుంది కానీ దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో తెలుగు అక్షరం మూడు పర్సెంటు గుర్తులుగా, వాటి పక్కన అంకెలూ ఇంగ్లీషు అక్షరాలుగా విడిపోతుంది. అంటే ఒక్క 'క'కి తొమ్మిది అక్షరాలు, 'కా' అయితే దీర్ఘానికి మరో తొమ్మిది. ఐదారు మాటల టైటిల్ పెడితే ఫోన్ స్క్రీన్ సగం నిండా పర్సెంటు గుర్తులే. పైగా వర్డ్‌ప్రెస్ ఆ అడ్రసు ముక్కకి రెండు వందల అక్షరాలే దాచుకుంటుంది, ఇరవై రెండు తెలుగు గుర్తులు దాటగానే మాట మధ్యలోనే తెగిపోతుంది. డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ ఉద్యోగికి అలాంటి లింకు వస్తే నొక్కుతాడా? నేనైనా నొక్కను. "తెలియని లింకులు నొక్కకండి" అని బ్యాంకులు రోజూ మెసేజ్‌లు పెడుతున్న కాలం ఇది.

తెలుగులో బ్లాగు పెట్టేవాళ్ళందరికీ ముందు చెప్పేది ఇదే. టైటిల్ తెలుగులో, అడ్రసు ఇంగ్లీషు అక్షరాల్లో, మూడు నాలుగు మాటలకు మించకుండా. గూగుల్ వాళ్ళ ఉచిత బ్లాగు సర్వీసు బ్లాగర్‌లో అయితే ఇంకో రకం తంటా, తెలుగు టైటిల్ దానికి పట్టదు, అన్నిటికీ బ్లాగ్-పోస్ట్ అని పెట్టి పక్కన ఒక అంకె తగిలిస్తుంది. అక్కడా పబ్లిష్ నొక్కే ముందే అడ్రసు మనమే రాసుకోవాలి.

చివరికి బ్లాగర్‌లోనే పెట్టాం, సొంత డొమైన్ (వెబ్ అడ్రసు) కొని దానికి తగిలించాం. నన్ను తిట్టేవాళ్ళుంటారు, సొంత హోస్టింగు తీసుకుని వర్డ్‌ప్రెస్ వేస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి, నిజమే. కానీ ప్లగిన్లు అప్‌డేట్ చేయాలి, బ్యాకప్ చూసుకోవాలి, ఏ అర్ధరాత్రో హ్యాక్ అయితే ఎవరో లేచి కూర్చోవాలి. ఆయన రాసుకోవాలి, అంతే. ఏడాదికోసారి డొమైన్ డబ్బులు తప్ప ఇంకో బిల్లు లేదు. డొమైన్ మాత్రం ఆయన పేరు మీద, ఆయన మెయిల్‌తోనే కొనిపించాను. కట్టిచ్చినవాడి పేరు మీద డొమైన్ ఉండిపోయి, ఆ తర్వాత వాడు ఫోన్ ఎత్తక ఇబ్బంది పడినవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

రాత, అక్షరాలు

పాత వ్యాసాలు ఆయన దగ్గర బోలెడు, శాఖ సావనీర్లకి రాసినవి. అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో. వాటిని తెచ్చి వెబ్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కనిపిస్తాయి తప్ప తెలుగు కనపడదు, ఎందుకంటే ఆ ఫాంటు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టింది. యూనికోడ్‌లోకి (ఫోన్లూ వెబ్బూ చదవగలిగే అక్షరాల పద్ధతి) మార్చే కన్వర్టర్లున్నాయి, పని చేస్తాయి, కానీ ఒత్తుల దగ్గర, 'క్ష' దగ్గర తేడాలు వస్తాయి. ప్రతి పేరా ప్రూఫు చూడాల్సిందే. దానికన్నా ఆయన చదువుతుంటే ఫోన్ కీబోర్డు మైకుతో టైపు చేయించడం తేలికైంది. అది కూడా 'క్యూసెక్కులు' అంటే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా రాసేది, లాకుని లాగు చేసేది. అయినా దిద్దడానికి సగం టైమే పట్టేది, పైగా చదివి చెప్పించిన వ్యాసాల్లో ఆయన మాట తీరు వచ్చింది. సావనీరు వ్యాసాల్లో "నిర్మింపబడినది" అని ఉన్నచోట, నోటితో చెప్పేసరికి "కట్టారు" అయింది. నాకు కావలసిందీ అదే.

ఫాంటు గురించి ఎక్కువ ఆలోచించలేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామరాజ, సూరన్న లాంటివి చాలానే ఉన్నాయి, చూడ్డానికి అందంగానే ఉంటాయి. కానీ చదివేవాళ్ళందరూ ఫోన్లలోనే చదువుతారు, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే తొందరగా తెరుచుకుంటుంది. వరుసల మధ్య దూరం మాత్రం పెంచాను. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో వరుసలు ఇరుగ్గా ఉంటాయి, పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద పడి కళ్ళు లాగుతాయి. అక్షరాల సైజు కూడా పెంచాం, పాఠకుల్లో సగం మంది కళ్ళజోడు వెతుక్కునేవాళ్ళే.

ఏం రాయాలో ఎలా తేల్చాం

ఇక్కడ నేను కాస్త మొండిగా ఉన్నాను. ఆయన మొదటి పోస్టుగా తన పరిచయం రాసుకొచ్చారు, పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, చేసిన ఊళ్ళు, అందుకున్న ప్రశంసాపత్రాలు. అది పక్కన పెట్టించి, సర్వీసులో ఉన్నప్పుడూ రిటైరయ్యాకా జనం మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలేంటో చెప్పండి అన్నాను. కాసేపు ఆలోచించి వరసగా చెప్పారు. మా శివారు భూములకు నీళ్ళెందుకు అందవు? లాకుల్లో పడవలు ఎలా దాటేవి? పులిగడ్డ దగ్గర కాలువ నదిని ఎలా దాటుతుంది? బెజవాడ పాత ఆనకట్ట కూడా కాటన్ దొర కట్టిందేనా?

ఇవే మా పోస్టులు. బ్లాగు గురించి ఎవరికీ చెప్పకముందే ఇలాంటివి ఏడెనిమిది రాయించి లోపల పెట్టాం. ప్రారంభోత్సవం లేదు, "నా బ్లాగు మొదలైంది, ఆశీర్వదించండి" అన్న మెసేజూ లేదు. అలాంటి మెసేజ్‌కి రెండు చేతుల దండాలు వస్తాయి, ఒక్కరూ లోపలికి రారు. ఖాళీ ఇంటికి గృహప్రవేశం భోజనాలకి పిలిచినట్టు ఉంటుంది.

మొదట పంపింది కాటన్ ప్రశ్న. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, అది కాటన్ పని, అనుమానం లేదు. కృష్ణ మీద ఆనకట్ట కట్టాలని గట్టిగా వాదించినవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. కానీ 1852 నుంచి 1855 దాకా బెజవాడలో ఉండి దాన్ని కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఒర్. ఆ ఆనకట్టే 1952లో తెగింది, దాని తర్వాతే ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ, 1957లో పూర్తయింది. పోస్టులో ఇంతకన్నా పెద్ద సంగతులేం లేవు. కానీ రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో పడగానే వాదన మొదలైంది, కాటన్ పేరు తక్కువ చేస్తారా అని గోదావరి జిల్లాల వాళ్ళు, చేయలేదండీ చదవండి అని కృష్ణా వాళ్ళు. వాదించాలంటే చదవాలి కదా, చదివారు. నాకు తెలిసి ఆ బ్లాగుకి అసలైన ఓపెనింగ్ ఆ మధ్యాహ్నమే.

కామెంట్లు బ్లాగు కింద రాలేదు, ఇప్పటికీ రావు. అన్నీ వాట్సాప్‌లోనే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం, గ్రూపులో ఎవరైనా పనికొచ్చే సవరణ చెబితే, వాళ్ళ అనుమతి అడిగి, పోస్టు అడుగున తేదీ వేసి చేర్చడం. చేర్చినట్టు ఆ మనిషికి లింకుతో సహా చెప్పడం. తన మాట ఎక్కిన పేజీని మనిషి ఇంట్లో వాళ్ళకీ పాత ఆఫీసు వాళ్ళకీ చూపించకుండా ఉండడు. ఇంతకు మించిన ప్రమోషన్ నేను డబ్బు పెట్టి చేయించలేకపోయాను.

వాట్సాప్ సంగతులు

తెలుగు బ్లాగుల పాత రోజులు తెలిసినవాళ్ళకి కూడలి, జల్లెడ, హారం, మాలిక గుర్తుంటాయి, బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే సైట్లు. కొత్త బ్లాగు పెట్టి అక్కడ చేర్పిస్తే చాలు, రాసిన రోజే నలుగురు వచ్చి కామెంటు పెట్టేవాళ్ళు. రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఫేస్‌బుక్‌కి వెళ్ళిపోయాక ఆ సందడి తగ్గింది. ఆ పని ఇప్పుడు చేసేది వాట్సాప్, కానీ దాని రూల్సు దానివి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపేది) 256 మందిని పెట్టుకోవచ్చు, అయితే మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. పెద్దాయనకి ఇది కలిసొచ్చింది, పాత సహోద్యోగులు, రైతు సంఘాల వాళ్ళు, కాంట్రాక్టర్లు అందరి దగ్గరా ఆయన నంబరు ఉంది. కొత్తగా వ్యాపారం పెట్టిన కుర్రాడికి ఇది కుదరదు. ఇక ఫార్వర్డ్. ఒకే మెసేజ్ చేతులు మారిమారి "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అన్న గుర్తు పడితే, ఆపైన ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది, 2020 నుంచీ అంతే. పైగా ఆ జంట బాణాల గుర్తు చూడగానే జనం చదవకుండా డిలీట్ చేస్తారు. అందుకే "అందరికీ ఫార్వర్డ్ చేయండి" అని ఎప్పుడూ అడగలేదు. లింకు కాపీ చేసి, మీ మాటగా ఒక వాక్యం రాసి పంపండి అని అడిగాం. "మా లంక గ్రామం పేరు కూడా రాశారు చూడండి" అన్న వాక్యం వెంట వచ్చిన లింకుకీ, ఒట్టి ఫార్వర్డుకీ పోలికే లేదు.

లింకుతో పాటు బొమ్మ కనపడాలి. ప్రతి పోస్టులో మొదటి బొమ్మ ఆయన చేత్తో గీసిన స్కెచ్చే, చార్టు కాగితం మీద మార్కరుతో. ఫోన్‌తో ఫొటో తీసి, సైజు బాగా తగ్గించి పెట్టేవాణ్ణి, బరువు ఎక్కువైతే వాట్సాప్ ప్రివ్యూలో బొమ్మ రాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రీల్స్ చేశాం, ఎవరో చూశారు, బ్లాగుకి ఎవరూ రాలేదు. వాళ్ళమ్మాయి పట్టుబట్టి ఒక సోషల్ మీడియాలో డబ్బు కట్టి పోస్టు బూస్ట్ చేయించింది, నొక్కినవాళ్ళు వచ్చారు, వచ్చినట్టే వెళ్ళారు. గూగుల్‌లో మొదటి పేజీలో కూర్చోబెడతామని ఫోన్ చేసిన కంపెనీకి నేనే సమాధానం చెప్పి పంపించేశాను. మన సైటు గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఇచ్చి ఊరుకున్నాం, కొత్త డొమైన్ కాబట్టి వారాల తరబడి "కనుగొన్నాం, ఇంకా చేర్చలేదు" అనే చూపించింది. పెద్దాయనకి కొంచెం టెన్షన్. నాకు లేదు, అది మామూలే.

2024 ఆగస్టు, సెప్టెంబరు

ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మర్నాడు ఆయనకి ఫోన్లే ఫోన్లు, గేటు ఎలా పోతుంది సార్ అని. అందరికీ విడివిడిగా చెబుతున్నారు. చెబుతున్నదే రాయండి అన్నాను. డ్యామ్ గేట్లని ఎత్తడం దించడం ఎలా జరుగుతుంది, గొలుసు పనేంటి, కౌంటర్‌వెయిట్ (గేటు బరువుకి ఎదురు తూగే దిమ్మ) ఎందుకు, స్టాప్‌లాగ్ (గేటు లేనిచోట నీళ్ళు ఆపడానికి దించే అడ్డు) అంటే ఏంటి, మన ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎలా ఉంటాయి, ఇవన్నీ ఒక పోస్టు. స్కెచ్చులో ఒక పక్క గేటు, ఇంకో పక్క దాన్ని తూచే కాంక్రీటు దిమ్మ. బాగానే చదివారు, వారంలో సద్దుమణిగింది.

సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరద వచ్చింది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. పైనుంచి పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీకి గుద్దుకున్నాయి, 67, 69 నంబరు గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. టీవీలో ప్రతివాళ్ళ నోటా కౌంటర్‌వెయిట్ అన్న మాటే, అదేంటో చెప్పేవాళ్ళు తక్కువ. మా పోస్టు అప్పటికే ఉంది. గూగుల్ కూడా అప్పటికి దాన్ని చేర్చుకుంది. వెతికినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో "కౌంటర్‌వెయిట్ అంటే ఏంటి" అని కొట్టారు, అడ్రసులోనూ బొమ్మ పేరులోనూ ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి కాబట్టి దొరికింది. తెలుగువాళ్ళు చదివేది తెలుగులో అయినా వెతికేది ఎక్కువగా ఇంగ్లీషు కీబోర్డుతో, ఇది సెర్చ్ కన్సోల్‌లో మాటల వరుస చూస్తే తెలిసిపోతుంది.

ఆ వారంలో మేం చేయని పనులు కూడా చెప్పాలి. విజయవాడ సింగ్ నగర్‌లో జనం పీకల్లోతు నీళ్ళలో ఉంటే మనం లింకులు పంచడం బాగుండదని బ్రాడ్‌కాస్ట్ ఆపేశాం, అడిగినవాళ్ళకే ఇచ్చాం. ఆ పడవలు ఎవరివి, కావాలని వదిలారా అన్న గొడవ రాజకీయంగా ముదిరింది, దాని మీద రాయమని ఆయన్ని చాలామంది అడిగారు. రాసి ఉంటే బ్లాగు ఒక్క రోజులో ఎక్కడికో వెళ్ళేది. ఆయన మాత్రం, "నేను గేటు గురించి చెప్పగలను బాబూ, గేటుకి గుద్దినవాడి మనసులో ఏముందో నాకేం తెలుసు" అన్నారు. ఈ విషయంలో నేను నోరెత్తలేదు.

ఒక పని మాత్రం అర్జెంటుగా చేశాం. స్కెచ్చుని రెండు మూడు యూట్యూబ్ చానళ్ళు పేరు లేకుండా వాడేసుకున్నాయి. వాళ్ళతో కొట్లాడే ఓపిక మాకు లేదు. స్కెచ్చుని మళ్ళీ గీయించి, బ్లాగు అడ్రసుని ఒక మూలన కాకుండా కౌంటర్‌వెయిట్ దిమ్మ మీదే రాయించాం, కత్తిరిస్తే బొమ్మకి అర్థం ఉండదు. తర్వాత వాడుకున్నవాళ్ళు అడ్రసుతో సహా వాడుకున్నారు, సంతోషం.

నీళ్ళు తీశాక బుడమేరు వాగు మీద రాసిన పోస్టు ఇప్పటికీ ఎక్కువమంది చదివేది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీళ్ళని మళ్ళిస్తే అవి డైవర్షన్ చానల్ ద్వారా బ్యారేజీకి పైన కృష్ణలో కలవాలి, కానీ కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్ళు ఎటు పోతాయి, పాత దారిలో కొల్లేరుకి వెళ్ళే వాగు ఊరి మధ్యలో ఎంత ఇరుకైంది, ఇదంతా మ్యాపు గీసి రాశారు. ఇందులో ఎవరి మీదా నింద లేదు. ఇళ్ళు కొనేవాళ్ళు, అద్దెకి వెతికేవాళ్ళు ఆ మ్యాపు కోసం వస్తున్నారని ఫోన్లను బట్టి తెలుస్తోంది, ఇది నేను అసలు ఊహించని పాఠకవర్గం.

ఇప్పుడు ఎలా ఉంది

వరద తగ్గినట్టే చదివేవాళ్ళూ తగ్గారు, తగ్గుతారని ముందే చెప్పాను కాబట్టి ఆయన కంగారు పడలేదు. వచ్చినవాళ్ళని నిలుపుకోవడానికి మెయిల్ కాకుండా వాట్సాప్ చానల్ పెట్టాం. మెయిల్ చూసే అలవాటు మావాళ్ళకి లేదు, చానల్‌లో చేరితే ఎవరి నంబరూ ఎవరికీ కనపడదు, ఆడవాళ్ళు చేరడానికి ఇది చాలా పనికొచ్చింది. కొత్త పోస్టు ఎప్పుడన్నది క్యాలెండరు చూసి పెట్టుకుంటున్నాం, కాలువలకి నీళ్ళు వదిలే ముందు శివారు భూముల పోస్టు, మే 15న కాటన్ పుట్టినరోజు, నవంబరు 19న 1977 దివిసీమ ఉప్పెన. ఉప్పెన పోస్టులో ఆయన రాసింది కొంచెమే, దివిసీమ వాళ్ళు ఫోన్ చేసి చెప్పింది ఎక్కువ, ఒక్కొక్కరి అనుమతితో చేర్చాం.

ప్రకటనలు పెట్టలేదు. తెలుగు సైట్లకి గూగుల్ యాడ్స్ 2018 నుంచే ఉన్నాయి, పెడితే డొమైన్ ఖర్చు వచ్చేస్తుందేమో. ఉప్పెనలో పోయినవాళ్ళ గురించి చదువుతుంటే మధ్యలో లోన్ యాప్ ప్రకటన రావడం ఆయనకి ఇష్టం లేదు, ఈ సైజు బ్లాగుకి వచ్చే డబ్బులు చూస్తే నాకూ అది అనవసరం అనే అనిపిస్తుంది.

ప్రస్తుతం ఆగి ఉన్నది బ్యారేజీ కట్టినప్పటి పోస్టు. రాత పూర్తయింది. బ్యారేజీ పనుల నాటి ఫొటోలు ఆయన పాత స్నేహితుడి ఇంట్లో ఆల్బమ్‌లో ఉన్నాయి, తీసింది ఆ స్నేహితుడి తండ్రి. వాడుకోమని నోటిమాటగా అన్నారు కానీ అన్నదమ్ములు ముగ్గురున్నారు, అందరి దగ్గరా ఒక మెసేజ్ అయినా రాయించుకుందాం అన్నాను. ఇద్దరు పంపారు. మూడో ఆయన, ఆల్బమ్ వాటా తేలాకే మాట్లాడతానన్నారు.